ఇంద్ర లెస్మానా

ఇంద్ర లెస్మానా (జననం: 1966 మార్చి 28, జకార్తా) ఇండోనేషియాకు చెందిన జాజ్ పియానో, కీబోర్డు వాద్యకారుడు, పాటల స్వరకర్త.

ఆయనకు జాజ్ ఇంట్లోనే దొరికింది. తల్లి నీన్ గాయని. తండ్రి జాక్ లెస్మానా గిటార్ వాద్యకారుడు, ఆ దేశపు జాజ్‌కు పెద్దదిక్కు. పియానిస్టు బూబి చెన్‌తో పాటు జాక్ కూడా ఉన్న ఇండొనేషియన్ ఆల్ స్టార్స్ బృందం 1967లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించింది. అదే ఏడాది అమెరికన్ క్లారినెట్ విద్వాంసుడు టోనీ స్కాట్‌తో కలిసి ‘జంగేర్ బాలి’ రికార్డు చేసింది. ఇండోనేషియా బాణీలు జాజ్‌లో ఇమడగలవని బయటి ప్రపంచానికి గట్టిగా చూపిన తొలి రికార్డుల్లో అదొకటి. ఇంద్ర సంగీతాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు వినవలసింది కూడా అదే.

ఇంద్ర పదేళ్ల వయసులో, 1976లో, బాండుంగ్‌లో తొలిసారి వేదికెక్కాడు. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ‘అయహ్‌కు సహాబత్‌కు’, అంటే ‘నా తండ్రే నా స్నేహితుడు’. ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద సిడ్నీ వెళ్లి న్యూ సౌత్ వేల్స్ సంగీత కళాశాలలో చదివాడు. ఇరవై ఏళ్లు నిండకముందే ‘నో స్టాండింగ్’ ఆల్బమ్ అమెరికాలో విడుదలైంది. దాని తర్వాతి ‘ఫర్ ఎర్త్ అండ్ హెవెన్’లో బాస్ వాద్యకారుడు చార్లీ హేడెన్, డ్రమ్మర్ విన్నీ కొలైయుటా వంటి ఉద్దండులు ఆయన వెంట వాయించారు.

స్వదేశంలో ఇంటింటా పేరు తెచ్చింది మాత్రం క్రకటావ్ బృందం. 1985లో ఏర్పడిన ఈ బృందంలో ద్వికీ ధర్మవాన్, గిలాంగ్ రమదాన్, గాయని త్రీ ఉతామి ఆయన సహచరులు. 1987 నాటి తొలి ఆల్బమ్‌లోని ‘గెమిలాంగ్’ పాట ఊరూరా మోగింది. మరుసటి ఏడాది గాయని తితి డీజే ‘ఎక్స్‌ప్రేసి’ ఆల్బమ్‌కూ ఆయన పనిచేశాడు. ఇంద్ర బాణీల్లో చాలావాటికి మాటలు రాసింది అక్క మీరా లెస్మానా. తర్వాతి కాలంలో ఆమె సినీ నిర్మాతగా ప్రసిద్ధురాలైంది. పైకి తేలికైన ప్రేమగీతాల్లా వినిపించే ఆ పాటల అడుగున ఉన్న స్వరసంగతుల అల్లిక పక్కా జాజ్‌ది. వాటిని వట్టి పాప్ అని పక్కన పెట్టడం అన్యాయం.

ఇంద్ర వెళ్లిపోయాక క్రకటావ్ సుండా ప్రాంతపు సంప్రదాయ వాద్యబృంద సంగీతమైన గమెలాన్ వైపు మళ్లింది. ఆయన 1990లలో జావా జాజ్ బృందంతో ‘బులాన్ ది అతస్ ఆసియా’, ‘సబ్ద ప్రాణ’ ఆల్బమ్‌లు చేశాడు. 2000లో ‘రీబార్న్’ వచ్చింది. యువ వాద్యకారులు బ్యారీ లికుమహువా, శాండీ వినార్తాలతో ఎల్‌ఎల్‌డబ్ల్యూ త్రయం నడిపాడు. 2018లో, యాభై దాటాక, ‘సేక్రెడ్ జామెట్రీ’ ఆల్బమ్‌తో ప్రోగ్రెసివ్ మెటల్‌లోకీ అడుగుపెట్టాడు.