నైస్‌లెయ్యొనత్: ఫిన్లాండ్ మహిళల ఐస్ హాకీ జట్టు చరిత్ర

ఫిన్లాండ్ మహిళల జాతీయ ఐస్ హాకీ జట్టు అంతర్జాతీయ మహిళా ఐస్ హాకీలో కెనడా, అమెరికాల తర్వాత అత్యధిక పతకాలు సాధించిన జట్టు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లు ఆరంభమైన 1990 నుంచి 2025 వరకు ఆ పోటీల్లో ఒక రజతం, 15 కాంస్యాలు గెలుచుకుంది. 1998 నుంచి 2022 వరకు జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో మరో నాలుగు కాంస్యాలు సాధించింది. అంటే ఈ కాలంలో దక్కిన 20 పతకాల్లో 19 కాంస్యాలే. మూడో స్థానం ఈ జట్టుకు శాశ్వతంగా రాసిపెట్టి ఉన్నదని ఈ పట్టికను చూసినవారికి అనిపించవచ్చు. అయితే ఆ స్థానాన్ని జట్టు ఎన్నిసార్లు చేజార్చుకుందో, ఎంత శ్రమతో తిరిగి సంపాదించుకుందో తెలిసినప్పుడే ఈ చరిత్ర అర్థమవుతుంది.

పేరు, ఆట

ఫిన్నిష్ భాషలో ఈ జట్టును ‘నైస్‌లెయ్యొనత్’ అని పిలుస్తారు. ‘నైస్’ స్త్రీలకు సంబంధించినదని తెలిపే పూర్వపదం. ‘లెయ్యొన’ అంటే సింహం. చివరి ‘త్’ బహువచన ప్రత్యయం. ఫిన్లాండ్ రాజచిహ్నంపై సింహం ఉన్నందున పురుషుల జట్టుకు ‘సింహాలు’ అన్న పేరు స్థిరపడింది. మహిళల జట్టు పేరు దాని నుంచే వచ్చింది. ఆటను ఫిన్నిష్‌లో ‘యాకియెక్కో’ అంటారు. మంచు, బిళ్ల అనే రెండు మాటల సమాసమది.

ఐస్ హాకీలో ఒక్కో జట్టు నుంచి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఏకకాలంలో మంచు మైదానంపై ఉంటారు. ఒక్కొక్కటి 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. రబ్బరు బిళ్లను ప్రత్యర్థి గోల్‌లోకి పంపడం లక్ష్యం. 1990లో కెనడా రాజధాని ఒటావాలో జరిగిన తొలి మహిళా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ప్రత్యర్థిని శరీరంతో ఢీకొట్టడానికి అనుమతి ఉండేది. ఆ తర్వాత మహిళల ఆటలో దానిని నిషేధించారు.

ఆరంభం

ఫిన్లాండ్‌లో మహిళల జాతీయ లీగ్ 1982-83 సీజన్‌లో మొదలైంది. అప్పట్లో దాని పేరు ‘నైస్తెన్ ఎస్ఎం-సర్య’. ‘ఎస్ఎం’ అన్నది ‘ఫిన్లాండ్ చాంపియన్‌షిప్’ అనే అర్థమిచ్చే ఫిన్నిష్ పదాల సంక్షిప్త రూపం. హెల్సింకి, తంపెరే, ఎస్పో నగరాల క్లబ్బులు ఈ లీగ్‌కు తొలి బలాన్ని ఇచ్చాయి. లీగ్‌ను 2017లో ‘నైస్తెన్ లీగ’గా, 2024లో ‘ఔరోరాలీగ’గా పేరు మార్చారు.

క్రీడాకారిణుల కొరతను తీర్చడంలో మరో ఆట కూడా తోడ్పడింది. కెనడాలో 1963లో పుట్టిన రింగెట్‌లో బిళ్లకు బదులు రబ్బరు వలయాన్ని, హాకీ కర్రకు బదులు నిటారు కర్రను వాడతారు. యుహానీ వాల్‌స్టెన్ 1979లో ఈ ఆటను ఫిన్లాండ్‌కు పరిచయం చేశారు. అది బాలికల్లో త్వరగా వ్యాపించింది. స్కేటింగ్‌లో ఆరితేరిన పలువురు అక్కడి నుంచి ఐస్ హాకీకి వచ్చారు. రింగెట్‌లోనూ ప్రపంచ టైటిల్ గెలిచిన సుసాన్నా తపాని ఇందుకు ఇటీవలి ఉదాహరణ.

ఐరోపా విజేత, ప్రపంచంలో మూడో జట్టు

తొలి ఐరోపా మహిళా చాంపియన్‌షిప్ 1989లో పశ్చిమ జర్మనీలో జరిగింది. ఫిన్లాండ్ విజేతగా నిలిచింది. 1991, 1993, 1995 సంవత్సరాల్లోనూ టైటిల్ దానిదే. 1996లో రష్యాలోని యారోస్లావ్‌ల్‌లో జరిగిన అయిదో, చివరి పోటీలో స్వీడన్ గెలవగా, ఫిన్లాండ్ కాంస్యంతో సరిపెట్టుకుంది.

ఐరోపాలో ఎదురులేని ఈ జట్టుకు ప్రపంచ వేదికపై కెనడా, అమెరికా అనే రెండు గోడలు అడ్డునిలిచాయి. 1990, 1992, 1994, 1997 సంవత్సరాల్లో జరిగిన తొలి నాలుగు ప్రపంచ పోటీల్లో స్వర్ణ, రజతాలు ఆ రెండు దేశాలకే వెళ్లాయి. నాలుగుసార్లూ కాంస్యం ఫిన్లాండ్‌దే. 1992 పోటీలకు ఫిన్లాండ్ నగరం తంపెరే ఆతిథ్యమిచ్చింది.

ఈ అంతరానికి ప్రధాన కారణం సంఖ్యాబలం. ఫిన్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు. అక్కడ నమోదైన మహిళా క్రీడాకారుల సంఖ్య వేలల్లో ఉండగా, కెనడా, అమెరికాల్లో అది పదుల వేలల్లో ఉంటుంది. దీనికి తోడు ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాలు ఉపకార వేతనాలు, శిక్షకులు, నిత్యం పోటీ మ్యాచ్‌లు ఉన్న వ్యవస్థను క్రీడాకారిణులకు అందించాయి. ఫిన్లాండ్ లీగ్‌లో అధికభాగం క్రీడాకారిణులు చదువునో ఉద్యోగాన్నో కొనసాగిస్తూ సాయంత్రాలు సాధన చేయవలసి వచ్చింది.

నగానో నుంచి వాంకూవర్ వరకు

మహిళల ఐస్ హాకీ 1998లో జపాన్‌లోని నగానోలో ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. ఆరు జట్లు పాల్గొన్న ఆ పోటీల్లో ఫిన్లాండ్ కాంస్య పతక మ్యాచ్‌లో చైనాను 4-1తో ఓడించింది. ఏడు గోల్స్, అయిదు సహకారాలతో మొత్తం 12 పాయింట్లు సాధించిన రీక్కా నియెమినెన్ టోర్నీలో అగ్రస్థానంలో నిలిచారు.

తర్వాతి దశాబ్దంలో మూడో స్థానానికే పోటీ పెరిగింది. 2001 ప్రపంచ పోటీల్లో కాంస్యం రష్యాకు దక్కింది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో స్వీడన్ 2-1తో ఫిన్లాండ్‌ను ఓడించి పతకం తీసుకుపోయింది. 2006 తురిన్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో స్వీడన్ అమెరికాకు షాక్ ఇచ్చి ఫైనల్ చేరింది. ఫలితంగా కాంస్యం కోసం ఫిన్లాండ్ అమెరికాతో తలపడవలసి వచ్చి 4-0తో ఓడింది. తురిన్ జట్టులో 16 ఏళ్ల గోల్‌కీపర్ నోరా రాటీ ఉన్నారు.

2008లో చైనాలోని హార్బిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఫిన్లాండ్ అదనపు సమయంలో 1-0తో అమెరికాను ఓడించింది. అమెరికాపై దానికి అదే తొలి విజయం. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌పై అదనపు సమయంలో కరోలీనా రంతమాకి చేసిన గోల్‌తో 3-2తో గెలిచి, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ఒలింపిక్ కాంస్యం అందుకుంది.

రాటీ నిర్ణయం, నియెమినెన్ పునరాగమనం

2012లో స్విట్జర్లాండ్, 2013లో రష్యా ప్రపంచ కాంస్యాన్ని ఫిన్లాండ్‌కు దక్కకుండా చేశాయి. 2014 సోచీ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్ చేతిలో 4-2తో ఓడిన జట్టు అయిదో స్థానానికి పడిపోయింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2012-13 సీజన్‌లో ఆడిన 41 మ్యాచ్‌లూ గెలిచినప్పుడు గోల్ వద్ద నిలిచిన రాటీ, సోచీ తర్వాత పురుషుల హాకీ వైపు వెళ్తున్నట్టు ప్రకటించారు. మహిళలకు జీవనాధారం కల్పించే వృత్తిపరమైన లీగ్ లేకపోవడమే అందుకు కారణం. ఆ తర్వాత ఆమె ఫిన్లాండ్ పురుషుల రెండో అంచె లీగ్ ‘మెస్తిస్’లో ఆడారు. ప్రపంచ మేటి గోల్‌కీపర్లలో ఒకరు ఇలా తరలిపోవడంతో మహిళా హాకీ ఆర్థిక దుస్థితి అందరి దృష్టికీ వచ్చింది.

సుమారు దశాబ్దం పాటు ఆటకు దూరంగా ఉన్న నియెమినెన్ అదే కాలంలో జాతీయ జట్టుకు తిరిగి వచ్చారు. సోచీలో ఆడిన ఆమె, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో రష్యా నుంచి వచ్చిన ఒలింపిక్ క్రీడాకారిణుల జట్టును 3-2తో ఓడించి కాంస్యం గెలిచిన జట్టులోనూ సభ్యురాలు. అప్పటికి ఆమె వయస్సు 44 ఏళ్లు. తొలి ఒలింపిక్ పతకానికి, రెండోదానికి మధ్య 20 ఏళ్ల దూరం ఉంది. రీక్కా సల్లినెన్ అనే పేరుతో 2022లో ఆమెకు టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి ఐరోపా మహిళా క్రీడాకారిణి ఆమే.

ఎస్పో, 2019

2017లో అమెరికాలోని ప్లిమత్‌లో ఫిన్లాండ్ 4-3తో కెనడాపై నెగ్గింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెనడాపై దానికి అదే తొలి విజయం. ఆ మ్యాచ్‌లో గోల్ కాచింది రాటీయే. రెండేళ్ల తర్వాత స్వదేశంలోని ఎస్పోలో జరిగిన సెమీఫైనల్‌లో 4-2తో కెనడాను మళ్లీ ఓడించింది. అంతకుముందు జరిగిన 18 ప్రపంచ పోటీల ఫైనళ్లలోనూ కెనడా, అమెరికాలే తలపడ్డాయి. ఆ ఆనవాయితీ అక్కడితో తెగిపోయింది.

2019 ఏప్రిల్ 14న జరిగిన ఫైనల్‌లో నిర్ణీత సమయానికి స్కోరు 1-1. అదనపు సమయంలో పెట్రా నియెమినెన్ బిళ్లను అమెరికా గోల్‌లోకి పంపగానే ఫిన్లాండ్ క్రీడాకారిణులు చేతితొడుగులు విసిరేసి మంచుపై సంబరాలు చేసుకున్నారు. అయితే సుదీర్ఘంగా వీడియోను పరిశీలించిన అధికారులు అమెరికా గోల్‌కీపర్‌కు ఆటంకం కలిగిందని తేల్చి గోల్‌ను రద్దు చేశారు. ఆట కొనసాగి షూటౌట్‌కు చేరింది. అమెరికా 2-1తో గెలిచింది. గోల్‌కీపర్ ముందున్న నీలి ప్రాంతంలో ఆమెకు నిబంధనలు ప్రత్యేక రక్షణ కల్పిస్తాయి. ఆ తాకిడి గోల్ రద్దుకు తగినంత తీవ్రమైనదేనా అన్న వాదన మాత్రం సద్దుమణగలేదు. కెప్టెన్, డిఫెండర్ యెన్ని హీరికోస్కి టోర్నీలో అత్యంత విలువైన క్రీడాకారిణిగా, రాటీ ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యారు. జట్టు చరిత్రలో ఏకైక ప్రపంచ రజతం ఇదే.

పతనం, పునరుద్ధరణ

2022 ఫిన్లాండ్ హాకీకి పరస్పర విరుద్ధమైన సంవత్సరం. ఫిబ్రవరిలో బీజింగ్‌లో పురుషుల జట్టు తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. మహిళల జట్టు స్విట్జర్లాండ్‌పై 4-0తో కాంస్యం సాధించింది. ప్రధాన శిక్షకుడు పాసీ ముస్టోనెన్ కుటుంబ కారణాలతో పోటీల మధ్యలోనే స్వదేశానికి వెళ్లగా, యూసో తోయివోలా బాధ్యతలు స్వీకరించారు. మే నెలలో పురుషులు తంపెరేలో ప్రపంచ టైటిల్ కూడా గెలిచారు. ఆగస్టులో డెన్మార్క్‌లో ఆరంభమైన మహిళల ప్రపంచ పోటీల్లో మాత్రం ఫిన్లాండ్ జపాన్ కంటే దిగువన ఆరో స్థానంలో నిలిచింది. మేటి అయిదు జట్లకే పరిమితమైన ‘ఎ’ గ్రూపులో స్థానం కోల్పోయి, మరుసటి సంవత్సరం ‘బి’ గ్రూపులో ఆడవలసి వచ్చింది. 2023లో అయిదో స్థానం దక్కింది. ఈ రెండు సంవత్సరాల్లోనూ కాంస్యం చెక్ జట్టుదే.

ఆ పతకాన్ని చెక్ జట్టు నుంచే ఫిన్లాండ్ తిరిగి సంపాదించింది. 2024లో అమెరికాలోని యూటికాలో షూటౌట్‌లో 3-2తోను, 2025లో ప్రత్యర్థి సొంతగడ్డ చెస్కే బుడెయోవిట్సేలో అదనపు సమయంలో 4-3తోను నెగ్గింది. రెండుసార్లూ నిర్ణీత సమయంలో విజయం తేలలేదు. 2025 విజయానికి శిక్షకుడు తెరో లెహ్తెరా. 1995లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచిన ఫిన్లాండ్ పురుషుల జట్టులో ఆయన సభ్యుడు.

క్రీడాకారిణుల జీవనోపాధి విషయంలోనూ మార్పు వచ్చింది. హీరికోస్కి సహా పలువురు స్వీడన్ లీగ్‌లోని లూలెయో క్లబ్‌కు ఏళ్ల తరబడి ఆడారు. 2024 జనవరిలో ఆరంభమైన ఉత్తర అమెరికా వృత్తిపరమైన మహిళా లీగ్‌లో తపాని బోస్టన్ తరఫున, రోన్యా సవొలైనెన్ ఒటావా తరఫున ఆడారు. రాటీ 2014లో లేదన్న అవకాశం ఇప్పుడు కొందరికైనా అందుతోంది. దానిని స్వదేశీ లీగ్‌లోనే కల్పించడం ఫిన్లాండ్ ముందున్న తదుపరి సవాలు. చెక్, స్విట్జర్లాండ్, స్వీడన్ జట్లు బలపడుతున్నందున మూడో స్థానం ఇక ఏ ఏడాదీ సులభంగా దక్కేది కాదు.