పెరటి పాడిమేకల పోషణ
ఇంటి పాల కోసం రెండు మూడు మేకలు పెంచేవారికి ప్రధాన ఖర్చు మేతదే. తేమ తీసేసి లెక్కిస్తే మేక రోజుకు తన బరువులో 3 నుంచి 5 శాతం మేత తింటుంది. అవిసె, తుమ్మ, సుబాబుల్ రెమ్మలు, వేరుశనగ కట్టె దగ్గరలో దొరికితే ఈ భారం బాగా తగ్గుతుంది. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక అదొక్కటే మేపకూడదు. నేలమీద పడి మట్టి అంటిన మేతను మేక ముట్టదు; రెమ్మలను కట్టగా కట్టి వేలాడదీస్తే వృథా ఉండదు. ఖర్చు తగ్గించే చవకైన ఉపాయాల్లో ఇదొకటి. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ లవణాలు కలిపిన దాణాను పాడిని బట్టి పెట్టాలి. ఒక్కసారిగా పెంచితే అజీర్తి చేస్తుంది. నట్టల మందు, పీపీఆర్ (పారుడు రోగం) టీకా, వానలకు ముందు చిటుక రోగం టీకా తప్పనిసరి. చూడికాలం సుమారు 150 రోజులు. చివరి రెండు నెలలు పాలు పితకరు.