సొంతవారికి ఎదురు సాక్ష్యం



ముస్లింలు రెండుగా చీలి కత్తులు దూసుకున్న సిఫ్ఫీన్ నాడు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్, హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజియల్లాహు అన్హుమా) ఏ పక్షానా నిలువలేదు. మన ఉలమాలు దానిని పిరికితనంగా ఎంచలేదు. అయితే దూరంగా నిలిచే వీలు అందరికీ దొరకదు. 1947-48లో హైదరాబాదు సంస్థాన ముస్లింలకు దొరకలేదు.

మన కోనసీమ ఉన్న సర్కారు ప్రాంతం 1766 ఒప్పందంతో నిజాం చేతి నుండి ఆంగ్లేయుల చేతికి పోయింది. పోకుంటే ఐనవిల్లి కూడా ఆ పరీక్షలోనే ఉండేది. కాబట్టి ఒడ్డున కూర్చుని తీర్పు చెప్పే వాళ్ళం కాము మనం.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వతంత్రంగా ఉండదలచారు. ఆ గద్దె నిలిస్తేనే దీన్ నిలుస్తుందన్నట్లు ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు యువకులను పోగుచేశారు. దేశ విభజన నాటి హత్యల వార్తలు విన్నవారి భయం అబద్ధం కాదు. కానీ ఊళ్ళపై పడి దోచడం, చంపడం ఆ భయానికి జవాబెలా అవుతుంది? దానికి ధర్మయుద్ధమని పేరు పెట్టడం మరింత ఘోరం.

కాదన్నవారూ ముస్లింలే. మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టుల వెంట నడిచారు. ఆ సిద్ధాంతంతో మనకు ఏకీభావం లేదు, అది వేరే మాట. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దళాన్ని రద్దుచేసి భారత యూనియన్‌లో చేరాలని ప్రకటన ఇచ్చారు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో దానిని అచ్చువేసిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. బెదిరింపులు వచ్చినా ఆయన కలం ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడలోని ఇంటికి వెళ్తుండగా ఆయనపై దాడి చేసి, రాసే చేతిని నరికి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు. న్యాయం కోసం స్వజనానికి ఎదురైనా సాక్ష్యమివ్వమన్న అన్నిసా సూరా 135వ ఆయతును మనం ఎన్నిసార్లు చదివాం! ఆయన పేరు మాత్రం మన మింబర్లపై వినబడదు. ఇది మన లోపమే. ఆరు రోజులకు భైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది.

సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయారు. తరువాత కత్తి ముస్లింలపైకి తిరిగింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేనివారు కూడా హతులయ్యారు. పండిట్ సుందర్‌లాల్, ‘పయామ్’ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ తదితరులు జిల్లాలు తిరిగి, మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉంటారని అంచనా వేశారు. ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల సంగతీ అందులో రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు.