వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి

1900లో ఒకే ఒక్క మంచంతో మొదలై, స్త్రీల ఆసుపత్రిగా పెరిగి, తర్వాత వైద్య కళాశాలగా మారిన మిషన్ సంస్థ. ఉన్నది తమిళనాడులో. అయినా తెలుగువాళ్లకు ఇది పరాయి ఆసుపత్రి కాదు. రాయవేలూరు అన్నా, ఉత్త వేలూరు అన్నా ఊరి కన్నా ముందు ఆసుపత్రే గుర్తొస్తుంది. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు “వేలూరు తీసుకెళ్లారట” అన్న మాట వినపడిందంటే జబ్బు ఇక్కడివాళ్ల చేతులు దాటిందని అర్థం. గన్నవరం వైపు నుంచి వెళ్లేవారు విజయవాడలో రైలెక్కి గూడూరు, రేణిగుంట, చిత్తూరు మీదుగా, మద్రాసు ముఖం చూడకుండానే కాట్పాడిలో దిగవచ్చు. అక్కడి నుంచి పాలారు దాటితే ఆసుపత్రి.

దీని వెనక ఒక కుటుంబం ఉంది. అమెరికా నుంచి 1819లో సింహళానికి వచ్చిన జాన్ స్కడర్ వైద్యుడూ, మతబోధకుడూ. ఆయన కొడుకులు 1853లో ఆర్కాటు మిషన్ స్థాపించారు. మనవరాలు ఐడా సోఫియా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తల్లిదండ్రుల బతుకు చూసిన ఆ పిల్లకు మిషన్ పని మీద మోజు లేదు. చదువుకని అమెరికా వెళ్లి, 1890లో తల్లికి సాయంగా తిండివనం వచ్చింది. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడో ఆయన మరో హిందువు. ముగ్గురి భార్యలూ కానుపు కాక అల్లాడుతున్నారు. నేను డాక్టర్ని కాను, మా నాన్న వస్తాడు అని ఐడా చెప్పింది. పరాయి మగాడు పురిటి గదిలోకి రావడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. సంస్థ చరిత్ర ఎవరు చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఎన్నిసార్లు చెప్పినా అరగని కథే గాని, అది ఒక్క తిండివనం సంగతి కాదు. గుంటూరుకు 1883లో వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్‌కు ఎదురైనవీ ఇలాంటి మూసిన తలుపులే.

తిండివనం రాత్రి తర్వాత డాక్టరు కావాలని నిశ్చయించుకున్న ఐడా ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, చివరకు కార్నెల్‌లో 1899లో పట్టా తీసుకుంది. అక్కడ ఆడపిల్లలను చేర్చుకున్న తొలి తరగతి అదే. భార్య జ్ఞాపకార్థం న్యూయార్క్ బ్యాంకరు షెల్ ఇచ్చిన 10,000 డాలర్లతో ఆమె 1900లో వేలూరు చేరింది. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి పోయాడు. ఇంట్లోనే వైద్యం మొదలైంది. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. రాలేని రోగుల దగ్గరికి తామే వెళ్లాలని 1906 నుంచి గుడియాత్తం దారిలో చెట్ల కింద వైద్యం చేశారు. తర్వాత ఒక ప్యూజో కారు వచ్చింది. గుర్రం లేకుండా పరుగెత్తే బండిని చూసి జనం జడుసుకున్నారంటారు.

ఆసుపత్రి బడిగా మారడానికి కారణం గొప్ప ఆశయం కన్నా చేతుల కొరత. ఎంత తెల్లవారుజామున లేచినా ఒక్క డాక్టరు చూడగలిగేది ఎంతమందిని? 1909లో నర్సుల బడి పెట్టారు. 1918 ఆగస్టులో పలు మిషన్లు కలిసి ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచాయి. ఇచ్చింది డిగ్రీ కాదు, ఎల్.ఎం.పి. డిప్లొమా. మన పల్లెల్లో పాతతరం ‘ఎల్లెంపీ డాక్టరు’ అని గౌరవంగా చెప్పుకున్న చదువే అది. తొలి జట్టులో 14 మంది 1922లో పట్టా పుచ్చుకున్నారు.

సరిగ్గా ఆ చదువే తర్వాత గండమైంది. 1938లో, రాజాజీ ప్రభుత్వ కాలంలో, మద్రాసు రాష్ట్రం డిప్లొమా చదువుకు స్వస్తి చెప్పి ఇకపై ఎం.బి.బి.ఎస్. ఒక్కటే అంది. దానికి తగిన ఆచార్యులు, ప్రయోగశాలలు, పడకలు వేలూరుకు లేవు. డెబ్బయ్యేళ్ల ఐడా 1941లో చందాల కోసం మళ్లీ అమెరికా వెళ్లింది. మగపిల్లలను కూడా చేర్చుకుంటే మగ మిషన్ల సాయమూ అందుతుంది. కానీ ఇది స్త్రీల బడి అని నమ్మి డబ్బిచ్చిన అమెరికా మహిళల్లో కొందరు నొచ్చుకున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఆ పట్టుదలకే కట్టుబడితే బడి మూతపడేదన్నదీ నిజమే. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947లో అబ్బాయిలు వచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయం శాశ్వత గుర్తింపు 1950లో ఇచ్చింది. దేశంలో తొలి నర్సింగ్ డిగ్రీ కోర్సుల్లో ఒకటి కూడా ఇక్కడే, 1946లో ప్రారంభమైంది.

ఆ సంధికాలంలో పగ్గాలు పట్టింది మన విశాఖపట్నం ఆడపడుచు హిల్డా మేరీ లాజరస్. 1890లో పుట్టిన ఆమె ప్రభుత్వ మహిళా వైద్య సేవా విభాగానికి అధిపతిగా పనిచేసి, వేలూరుకు తొలి భారతీయ డైరెక్టరై 1954 దాకా నడిపింది. ఐడా పేరు తెలిసిన తెలుగువాళ్లకు కూడా ఈమె పేరు తెలియకపోవడం విచిత్రం. 1961లో పద్మశ్రీ అందుకుంది.

తర్వాతి పేరు వైద్యంలో కొత్త దారులు తొక్కినందుకు వచ్చింది. జేకబ్ చాందీ 1949లో దేశంలోనే మొదటి నాడీ శస్త్రచికిత్స విభాగం పెట్టాడు. మూత్రపిండ మార్పిడి 1971లో, ఎముక మజ్జ మార్పిడి 1986లో జరిగాయి. దేశంలో హెచ్.ఐ.వి. ఉనికి 1986లో బయటపడింది కూడా మద్రాసు నుంచి వచ్చిన రక్త నమూనాలను ఇక్కడి ప్రయోగశాలలో పరీక్షించినప్పుడే. వీటన్నిటికన్నా మామూలు ఇంటిదాకా వచ్చింది మాత్రం పాల్ బ్రాండ్ పని. కుష్ఠు రోగి వేళ్లు వాటంతట అవి కుళ్లి రాలవనీ, స్పర్శ పోయినందువల్ల కాలినా, గీసుకున్నా, రాయి గుచ్చుకున్నా తెలియక పుండ్లు పడతాయనీ ఆయన చూపించాడు. 1948 నుంచి, వంకరపోయిన చేతులకు పనిచేస్తున్న కండరాల స్నాయువులను మళ్లించి కుట్టి, మళ్లీ ముద్ద కలుపుకునేలా చేశాడు. అరికాళ్ల కోసం బ్రాండ్, ఆయన సహచరులు మెత్తని రబ్బరు చెప్పులు తయారుచేయించారు. ఇవాళ మందుల షాపుల్లో షుగరు రోగులు అడిగి కొనుక్కునే ఎం.సి.ఆర్. చెప్పులు ఆ కోవవే.

ఐడా 1946లో పదవి వదిలి, 1960 మేలో కొడైకెనాల్‌లో కన్నుమూసింది.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి నర్సులకు చదువు చెప్పింది గాని, వైద్య కళాశాల దాకా వెళ్లలేదు. గన్నవరం పక్కన చిన్నఅవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ సంస్థది మరో వరస, అక్కడ కళాశాల, ఆసుపత్రి ఒకే సంకల్పంతో వెలిశాయి. వేలూరులో రోగి ముందు, పడక తర్వాత, పాఠం ఆ తర్వాత. చర్చీల సిఫార్సుతో చేరే విద్యార్థులు చదువయ్యాక మారుమూల మిషన్ ఆసుపత్రుల్లో కొంతకాలం పనిచేయాలన్న షరతు ఆ వరస నుంచి పుట్టిందే. విద్యార్థులను తామే ఎంచుకుంటామన్న పట్టు కూడా అక్కడిదే. దేశమంతటికీ ఒకటే ప్రవేశ పరీక్ష అయిన నీట్‌ను వ్యతిరేకిస్తూ 2017లో 100 ఎం.బి.బి.ఎస్. సీట్లలో 99 ఖాళీగా వదిలేశారు. మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది.

చిత్తూరు 1911లో ప్రత్యేక జిల్లా అయ్యేదాకా వేలూరుతో పాటు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. ఇప్పుడు వేలూరు సంస్థ ప్రాంగణం ఒకటి చిత్తూరు దగ్గర, ఆంధ్రప్రదేశ్ గడ్డ మీదే నడుస్తోంది.