బావి గట్టు నుంచి పోలవరం దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కబురు పెట్టారు. రాజులూ యుద్ధాలూ రాయడానికి పండితులున్నారు. గుమాస్తాగా రిటైరైన నాకు తెలిసింది గోతుల చరిత్ర. మట్టిని లోతుగా తవ్వినప్పుడు గట్టు ఎందుకు కూలుతుందో మొదట చూసింది మా ఇంటి బావి దగ్గరే.

రెంటచింతల పేరు వేసవిలో రేడియో వార్తల్లో వినని వారుండరు. 1964 ఎండల్లో మా నాన్నగారు చేలో బావి తవ్వించారు. పైన పన్నెండు అడుగుల నల్లరేగడి, దాని కింద గరప, ఆ కింద నాపరాయి. తవ్విన మట్టిని దూరంగా పోయించమనీ, రేగడి మేర గట్టును ఏటవాలుగా చెక్కనివ్వమనీ మేస్త్రి మొత్తుకున్నాడు. బండి కూలి దండగనీ, చేను పోతుందనీ నాన్నగారు ఒప్పుకోలేదు. మట్టంతా అంచునే గుట్ట పడింది. జూన్‌లో ఒక రాత్రి వాన కురిసింది. తెల్లారేసరికి అంచుకు రెండడుగుల ఇవతల నెర్రె కనిపించింది. ఊట నీళ్ళు తోడడానికి దిగిన మనిషి మీద గట్టు విరిగి పడింది. నడుము దాకా పూడిపోయినవాణ్ణి నలుగురూ కలిసి లాగారు. ప్రాణం దక్కింది గాని కాలు మాత్రం సరిగా రాలేదు. నాన్నగారు బతికున్నన్నాళ్ళూ కోత కాగానే వాళ్ళింటికి రెండు బస్తాల జొన్నలు పంపేవారు. ఎందుకని మేమెవరం అడగలేదు.

నెర్రెలో నిలిచిన నీరు గట్టును లోపలికి నెడుతుంది. లోతు పెరిగేకొద్దీ ఆ నెట్టుడూ పెరుగుతుంది. నీటిలో 10 మీటర్ల లోతున అది చదరపు మీటరుకు 10 టన్నులు. పైగా మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగితే వాటి పట్టు సడలుతుంది. ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఆస్ట్రియా ఇంజనీరు కార్ల్ టెర్జాగీ. ఆయన పుస్తకం 1925లో వచ్చింది. మా మేస్త్రి ఆ పేరు విని ఉండడు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాల్వలకు నీరు వదిలారు. అక్కడ పునాది రాతి మీద పడింది గనుక ఇసుకతో పేచీ అంతగా లేదు.

అసలు పేచీ పోలవరంలో. గోదావరి అడుగున లోతైన ఇసుక. ఆనకట్ట కింద నుంచి నీరు ఊరకుండా రాతి దాకా కాంక్రీటు గోడ దించాలి. నీరు నిండిన ఇసుకలో గొయ్యి తీసి ఊరికే నీళ్ళు తోడేస్తే పక్కలు కూలుతాయి, అడుగున ఇసుక ఉడికినట్టు పైకి పొంగుతుంది. అందుకని సన్నని కందకం తవ్వుతూ, అందులో బెంటొనైట్ అనే బంకమన్ను కలిపిన చిక్కని నీటిని భూగర్భ జలమట్టం కన్నా ఎత్తున నింపి ఉంచుతారు. అది పక్కలకు పొరలా అంటుకుని, బయటి నీటినీ మట్టినీ ఎదురు నెడుతుంది. అంటే గట్టుకు ఊతం కర్ర కాదు, నీళ్ళే! తరువాత గొట్టంతో అడుగు నుంచి కాంక్రీటు పోసుకొస్తే బురదనీరు పైకి లేచి వస్తుంది. ఇది చదివినప్పుడు మా మేస్త్రికి చెబితే ఎంత ఆశ్చర్యపోయేవాడో అనుకున్నాను.

ఆ గోడ 2018లో పూర్తయింది. 2020 వరదల్లో నది కోతకు కొన్నిచోట్ల దెబ్బతింది. తప్పెవరిదన్న ఫైలు నా టేబుల్ మీదికి రాదు, రానక్కర లేదు. పక్కనే కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలుపెట్టారు. ఎగువ కాఫర్ డ్యాం కింద నుంచి ఊరే నీటిని పంపులతో తోడుకుంటూ ఆ పని నడిపారు.

మా బావిని ఆ ఏడే మళ్ళీ తవ్వారు. ఈసారి గట్టు ఏటవాలుగా చెక్కారు, రేగడి మేర రాతి కట్టుడు కట్టారు. మట్టిని దూరాన పోయించడానికి నాన్నగారు తానే బండి కట్టారు. మేస్త్రి మాత్రం రానన్నాడు. వేరే ఊరి నుంచి మనిషిని పిలిపించుకోవలసి వచ్చింది.