గోల్కొండ గోడల మధ్య గోల్ఫ్: కోట కట్టినోళ్ల లెక్క, కోర్స్ గీసినోళ్ల లెక్క

ఈ ఎపిసోడ్ ఒక్క గుణింతం తేడాతో మొదలైతది. గల్ఫ్, గోల్ఫ్.

మా సిరికొండ దిక్కు గల్ఫ్ అంటే తెల్వని ఇల్లు ఉండదు. ప్రతి వాడకట్టులో ఒకరన్నా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. మా చిన్నాయన కూడా పోయిండు. అప్పుడు నాకు ఏడేండ్లు. ఫోన్ చేసి "గోల్ఫ్‌ల పని దొరికిందే అమ్మా" అని చెప్తే, మా నాయనమ్మ "గల్ఫ్‌లనే అని తెలుసు బిడ్డా, పని ఏందో చెప్పు" అని మూడుసార్లు అడిగింది. పని ఏందంటే గోల్ఫ్ కోర్స్‌లో గడ్డి కోసుడు. పదకొండేండ్లు కోసిండు. ఒక్కసారి కూడా బంతి కొట్టలేదు.

మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు "చిన్నాయనా, కోటలో గోల్ఫ్ కోర్స్ ఉంది, చూద్దామా?" అన్నా. "కోటల గడ్డి ఎవడు పెంచిండురా?" అన్నడు. ఆ ప్రశ్నతోనే గోల్కొండకు బయల్దేరినం.

ముందు కోట సంగతి చెప్పుకుందాం. గోల్కొండ అంటే మనకు బాలాహిస్సార్, చప్పట్లు కొడితే పైదాకా వినిపించుడు, అంతే గుర్తుంటది. కానీ ఈశాన్యం దిక్కు ఇంకో భాగం ఉంది. దాని పేరు నయా ఖిలా, అంటే కొత్త కోట. కొత్తదే, కానీ దాని వయసు మూడున్నర వందల ఏండ్ల పైనే.

ఎందుకు కట్టిండ్రు? 1656లో ఔరంగజేబు ఇంకా బాద్‌షా కాలేదు, దక్కన్ సుబేదార్‌గా ఉన్నడు. అప్పుడే హైదరాబాద్‌ను కొల్లగొట్టి గోల్కొండను ముట్టడించిండు. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆపమంటే ఆగిండు గానీ, కోటకు ఉన్న ఒక బలహీనత అప్పటికే బయటపడ్డది. గోడ బయట ఒక ఎత్తు గడ్డ ఉంది. దాని మీద ఫిరంగులు పెడితే కోట లోపలికి కొట్టొచ్చు. ముట్టడి అయిపోయినంక అబ్దుల్లా కుతుబ్ షా ఏం చేసిండంటే, ఆ గడ్డనే లోపలికి తీసుకొని చుట్టూ కొత్త గోడ కట్టించిండు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక బగ్ దొరికింది, ప్యాచ్ వేసిండ్రు. అదే నయా ఖిలా.

ఇప్పుడు ఆ ప్యాచ్ మీదనే 18 హోల్స్ గోల్ఫ్ కోర్స్ ఉంది.

గేటు దగ్గర అడిగి లోపలికి పోయినం. ఒక పక్క నున్నగా కోసిన పచ్చిక, ఇంకో పక్క కుతుబ్ షాహీల రాతిగోడ. దూరంగా తొమ్మిది మడతలు వేసినట్టు ఉండే బురుజు. మధ్యలో ముల్లా ఖయాలీ మసీదు. ఇంకొంచెం ముందుకు పోతే హాతియాన్ కా ఝాడ్, ఏనుగుల చెట్టు. అది మన దేశపు చెట్టు కాదు, ఆఫ్రికా బావోబాబ్. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. అరబ్ వ్యాపారులు తెచ్చి సుల్తానుకు కానుక ఇచ్చిండ్రని చెప్తారు. చిన్నాయన దాన్ని చేత్తో తట్టి "ఇది కూడా గల్ఫ్ దారిలనే వచ్చిందన్నట్టు" అన్నడు.

గోల్ఫ్ గురించి కొంచెం. సముద్రం పక్క ఇసుక నేలమీద ఉండే కోర్స్‌లను లింక్స్ అంటారు. లోపలి నేలలో, చెట్ల మధ్య, పచ్చికతో ఉండేవి పార్క్‌ల్యాండ్ కోర్స్‌లు. గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లాండ్. అక్కడ 1457లో ఈ ఆటను నిషేధించిండ్రు. ఎందుకో తెలుసా? జనం గోల్ఫ్ ఆడుకుంటా విలువిద్య సాధన మానేస్తున్నరని. అంటే యుద్ధానికీ ఈ ఆటకూ పంచాయితీ అప్పటి నుంచే ఉంది. మన దేశానికి ఇంగ్లీషోళ్లతో వచ్చింది. కలకత్తా క్లబ్ 1829ది. బ్రిటన్, ఐర్లాండ్ దాటితే ప్రపంచంలో అదే పాతది.

ఇక అసలు ముచ్చట, కోర్స్ ఎట్ల గీస్తారు? పాత పద్ధతి శిక్ష పద్ధతి. తప్పు కొట్టినవా, గుంతలో పడు. ఇంకోటి వ్యూహం పద్ధతి. అందులో ఆడేటోనికి రెండు దార్లు ఇస్తారు. ఒకటి దూరం, కానీ భద్రం. ఇంకోటి దగ్గర, కానీ మధ్యలో వాగో ఇసుక గుంతో ఉంటది. ఏ దారి పట్టాలో నువ్వే తేల్చుకోవాలి.

ఈ పద్ధతిలో పెద్ద పేరు అలిస్టర్ మెకంజీ. అమెరికాలో అగస్టా నేషనల్‌ను బాబీ జోన్స్‌తో కలిసి గీసింది ఈయనే. అక్కడ 13వ హోల్ చూడండి. దారి ఎడమకు వంగుతది, గ్రీన్ ముందు వాగు పారుతది. రెండో దెబ్బకే వాగు దాటించాలంటే ధైర్యం కావాలి. లేదంటే వాగు ఇవతల ఆగి, మూడో దెబ్బకు నింపాదిగా పోవచ్చు. 1934లో అక్కడ మొదటి మాస్టర్స్ టోర్నీ జరిగింది. దానికి రెండు నెలల ముందే మెకంజీ చనిపోయిండు.

ఈ మెకంజీ మొదట డాక్టర్. బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంతో దక్షిణాఫ్రికా పోయిండు. అక్కడి బోయర్ రైతులు కందకాలను నేలలో కలిసిపోయేటట్టు తవ్వి, కనిపించకుండా కాల్చేవాళ్లు. అది ఆయన మనసులో నాటుకుపోయింది. తర్వాత ఇసుక గుంతలను, ఎత్తుపల్లాలను అదే తీరుగా గీసిండు. కంటికి ఒకటి కనిపిస్తది, నేల ఇంకోటి చేస్తది.

ఇప్పుడు బాలాహిస్సార్ ద్వారం గుర్తు తెచ్చుకోండి. ద్వారం ముందట ఒక అడ్డుగోడ ఉంటది. ఏనుగులు దూరం నుంచి ఉరికొచ్చి తలుపును గుద్దకుండా, పక్క నుంచి మలుపు తిరిగి రావాల్సిందే. అగస్టా 13వ హోల్ మలుపు చేసే పని కూడా అదే, నేరుగా పోయే దారిని లేకుండా చేసుడు. కాకపోతే కోట కట్టినోడు లోపలికి ఎవడూ రావొద్దని గీస్తడు. కోర్స్ గీసినోడు రా, కానీ ఆలోచించి రా అని గీస్తడు.

అయినా కోట పడిపోయింది. 1687లో ఔరంగజేబు మళ్లీ వచ్చి ఎనిమిది నెలలు కూసున్నడు. గోడలు లొంగలేదు. చివరికి లోపలి మనిషే ద్వారం తెరిచిండు. ఏ వ్యూహానికైనా అదొక్కటే మందు లేని రోగం.

నేను ఇదంతా చిన్నాయనకు చెప్తున్న. ఆయన నా మాట వింటలేడు, నేలను చూస్తున్నడు. "బంతి సంగతి ఇడిసిపెట్టు. ఈడ వాన పడితే నీళ్లు యాడికి పోతయో చెప్పు" అన్నడు. నాకు తెలియలేదు. ఆయన వాలు చూపించిండు. "పచ్చిక పైన కనపడేదేరా. అసలు పని కింద పైపులల్ల ఉంటది. నీళ్లు నిలిస్తే రెండు రోజులల్ల గడ్డి కుళ్లుతది."

అప్పుడు నాకు 2014 సంగతి యాదికొచ్చింది. కేంద్ర పురావస్తు శాఖ ఇదే నయా ఖిలాలో తవ్వితే, మట్టి కింద కుతుబ్ షాహీల తోట బయటపడ్డది. నీటి కాలువలు, మట్టి గొట్టాలు, ఫౌంటెన్లు. మోటారు లేకుండా, వాలు మీదనే నీళ్లు పారించిన తోట. అంటే ఈ నేలమీద పచ్చదనం పెంచుడు కొత్తేమీ కాదు. ఆ కాలంలో కూడా ఎవరో ఒక మనిషి చిన్నాయన లెక్కనే వాలు చూసి గొట్టం పరిచిండు. సుల్తాను పేరు మనకు తెలుసు. ఆ మనిషి పేరు ఎక్కడా లేదు.

అందుకే ఇక్కడ ఆట ఉండాలా వద్దా అనే గొడవను నేను తేలిగ్గా తీసుకోను. చరిత్ర ప్రేమికులు ఏండ్ల నుంచి అభ్యంతరం చెప్తున్నరు. తవ్వి చదును చేస్తే కింద ఉన్నది పోతదని వాళ్ల బాధ. ఇంకో దిక్కు, వదిలేసిన కోట నేల కబ్జా అయితదనే మాట కూడా ఉంది. మన నిజామాబాద్ ఖిల్లానే చూడండి. కోట జైలైంది, దాశరథి లాంటోళ్లను అందులోనే బంధించిండ్రు. కోటలు ఖాళీగా ఉండవు, ఏదో ఒకటి అయితయి. నా మాట ఒక్కటే. ఏదైనా చేయండి, కానీ కింద తోట ఉందని తెలిసినంక గడ్డపార వేసే ముందు పురావస్తు వాళ్లను అడగాలి. గోడ చూడటానికి వచ్చే మామూలు మనిషికి దారి ఉండాలి. మంచి కోర్స్‌లో రెండు దార్లు ఉంటయి అనుకున్నం కదా. ఆడేటోనికొకటి, చూసేటోనికొకటి ఇక్కడ కూడా ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు దారి పక్కన ఒక పాత బంతి దొరికింది. చిన్నాయన చేతిలో పెట్టి "ఒక్కసారి కొడతవా?" అన్నా. దాన్ని తిప్పి తిప్పి చూసి, మట్టి తుడిచి, గడ్డి మీదనే పెట్టిండు. "వద్దురా. గడ్డి లేస్తది" అన్నడు.

మీ ఇంట్లో కూడా గల్ఫ్ పోయొచ్చినోళ్లు ఉంటే, అక్కడ ఏం పని చేసిండ్రో ఈ వారం ఒకసారి కూసోబెట్టి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.