సోరింగ్ నిషేధ చట్టాలు (అమెరికా)

పోటీలో గుర్రం ముందుకాళ్లను అసహజంగా పైకెత్తి నడవాలని, దాని కాళ్లకు కావాలనే నొప్పి కలిగించే శిక్షణ పద్ధతిని సోరింగ్ అంటారు. అమెరికాలో టెనెసీ వాకింగ్ హార్స్ జాతి ప్రదర్శనల్లో ఇది 1950ల నుంచి వేళ్లూనుకుంది. 1970లో చట్టం వచ్చినా పూర్తిగా ఆగలేదు.

పద్ధతులు

ఈ జాతి గుర్రాలది పుట్టుకతోనే కుదుపు లేని నడక. 'బిగ్ లిక్' అనే అతిశయపు నడకకు బహుమతులు దక్కడం మొదలయ్యాక కొందరు శిక్షకులు అడ్డదారి పట్టారు. గిట్టకు పైనున్న చర్మానికి కిరోసిన్, గాఢమైన ఆవతైలం వంటి మంట పుట్టించే పదార్థాలు పూసి ప్లాస్టిక్‌తో చుట్టేస్తారు. పుండైన చోట గొలుసులు తొడిగితే అడుగడుగునా ఒరుసుకుంటాయి. ఆ బాధకు గుర్రం కాలు చటుక్కున పైకి లాక్కుంటుంది. చూసేవారికి అది ఠీవిగా కనిపిస్తుంది. గిట్టను నొప్పి తగిలేంత లోతుగా చెక్కి లాడం వేయడం, గిట్టకూ దాని కింద అమర్చే ప్యాడ్‌కూ మధ్య గట్టి వస్తువులు ఇరికించడం మరికొన్ని పద్ధతులు.

గుర్రాల రక్షణ చట్టం

మేరీలాండ్ సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ చొరవతో వచ్చిన ఈ చట్టంపై అధ్యక్షుడు నిక్సన్ 1970 డిసెంబరు 9న సంతకం చేశారు. సోరింగ్‌కు గురైన గుర్రాన్ని ప్రదర్శించడం, అమ్మడం, వేలం వేయడం, అందుకోసం తరలించడం నేరమయ్యాయి. అమలు బాధ్యత వ్యవసాయ శాఖది. అయితే సోరింగ్ చేయడాన్నే నేరంగా చట్టం పేర్కొనలేదు.

1976 సవరణ తర్వాత ప్రదర్శన నిర్వాహకులే తనిఖీదారులను నియమించుకునే వీలు కలిగింది. అమలు ఖర్చుకు ఏడాదికి 5 లక్షల డాలర్ల పరిమితి ఉండడంతో ప్రభుత్వ పశువైద్యులు కొద్ది ప్రదర్శనలకే వెళ్లగలిగారు. కంచే చేను మేసినట్లయింది. తనిఖీదారులకు గుర్రాల పరిశ్రమతో ఉన్న సంబంధాల వల్ల నేరాలు నమోదు కావడం లేదనీ, ఆ విధానాన్నే రద్దు చేయాలనీ 2010లో వ్యవసాయ శాఖ అంతర్గత ఆడిట్ తేల్చింది.

సంస్కరణ యత్నాలు

గొలుసులను, ఎత్తైన ప్యాడ్లను నిషేధించి, సోరింగ్‌నే నేరంగా ప్రకటించి, గరిష్ఠ జైలుశిక్షను మూడేళ్లకు పెంచే 'పాస్ట్' బిల్లును అమెరికా పశువైద్య సంఘం సమర్థించింది. ప్రతినిధుల సభ దాన్ని 2019లో 333–96 ఓట్లతో, 2022లో 304–111 ఓట్లతో ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్‌లో ఆగిపోయింది. వ్యవసాయ శాఖ 2024లో కఠిన నిబంధనలు తెచ్చినా, వాటిలో ముఖ్యమైన కొన్నింటిని 2025 జనవరి 31న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది.

స్వతంత్ర తనిఖీ, కచ్చితమైన శిక్ష లేనిదే ఈ క్రూరత్వం ఆగదని 1970 చట్టం అనుభవం రుజువు చేసింది.